గ్లైడర్ కిట్ కొన్నవారి ప్రశ్నలు

రేడియో కంట్రోల్ నమూనా విమానాల గురించి ఈ శీర్షికకు అందిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ భాగం ఒకే వస్తువు గురించి ఉన్నాయి: రెండు మీటర్ల రెక్క, ముక్కున చిన్న కరెంటు మోటారు, తోకలో చుక్కాని, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ మాత్రమే కదిలే, తేలికైన బాల్సా చెక్కతో చేసిన గ్లైడర్. కిట్ పెట్టె తెరిచి చూసి ఆగినవారు కొందరు, సగం కట్టినవారు కొందరు, ఎగరేసి విరగ్గొట్టుకున్నవారు మరికొందరు. ఉత్తరాలను కుదించి, ఊరి పేర్లు మాత్రమే ఉంచి ఇస్తున్నాము.

ప్రశ్న (కర్నూలు, ఇంజినీరింగ్ విద్యార్థి): లేజర్‌తో కోసిన ముక్కలున్న కిట్ తెప్పించుకున్నాను. పూర్తయ్యాక 900 గ్రాములు తూగుతుందని పెట్టె మీద రాసి ఉంది. మోటారు, బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి. ఎంత పెద్ద మోటారు వేస్తే అంత మంచిదని దుకాణదారు అన్నారు. ఏది కొనమంటారు?

జవాబు: దుకాణదారు మాట పక్కన పెట్టండి. కిలో బరువుకు 100 వాట్ల విద్యుత్తు అందితే ఇటువంటి గ్లైడర్ నెమ్మదిగానైనా పైకెక్కుతుంది; 150 నుంచి 200 వాట్లు అందితే కాస్త గాలి వీస్తున్న రోజున కూడా ధీమాగా ఎక్కుతుంది. మీ 900 గ్రాములకు 135 నుంచి 180 వాట్లు చాలునన్నమాట. మూడు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ మీద 11.1 వోల్టులని ముద్రించి ఉన్నా, మోటారు గట్టిగా లాగుతున్నప్పుడు అది పదిన్నర వోల్టుల దాకా దిగుతుంది కనుక, 16 ఆంపియర్ల దగ్గర మీకు సుమారు 170 వాట్లు వస్తాయి. వెయ్యి కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లు) ఉన్న బ్రష్‌లెస్ మోటారు, 10 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్ (ఒక చుట్టుకు ముందుకు సాగే దూరం) గల మడత ప్రొపెల్లర్, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం), 1300 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) బ్యాటరీ ఈ పనికి సరిపోతాయి. ఒకే కొలతల ప్రొపెల్లర్ తయారీని బట్టి వేర్వేరుగా కరెంటు లాగుతుంది కాబట్టి, నేల మీద వాట్‌మీటరుతో ఒకసారి కొలవకుండా ఎగరేయకండి. మోటారు మీద రాసిన గరిష్ఠ ఆంపియర్లు దాటుతున్నట్టు కనిపిస్తే ఒక అంగుళం చిన్న ప్రొపెల్లర్‌కు మారండి.

ఇప్పుడు సమయం లెక్క చూడండి. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు కనుక 1300లో దాదాపు 1000 ఎంఏహెచ్ మాత్రమే వాడుకుంటారు. 16 ఆంపియర్ల చొప్పున అది నాలుగు నిమిషాలకంటే తక్కువే వస్తుంది. అయితే అర నిమిషం మోటారు నడిపితే వంద మీటర్ల ఎత్తుకు చేరుకునే గ్లైడర్‌కు ఆ నాలుగు నిమిషాలే ఏడు సార్లు పైకెక్కడానికి చాలు. మిగిలిన సమయమంతా మోటారు ఆగి ఉంటుంది, పని చేసేది రెక్కే. మీరు రాసిన రెండు పేజీల ఉత్తరంలో మోటారు గురించి ఎన్నో వివరాలున్నాయి కానీ రెక్క గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

పెద్ద మోటారు కొంటే దానికి తగిన పెద్ద బ్యాటరీ, పెద్ద ఈఎస్‌సీ వస్తాయి, మీ 900 గ్రాముల విమానం 1200 గ్రాములవుతుంది. బరువు మూడో వంతు పెరిగితే గాలిలో నిలవడానికి కావలసిన వేగం దాదాపు 15 శాతం పెరుగుతుంది. మలుపు తిరిగే వృత్తం మూడో వంతు పెద్దదవుతుంది. నేలను తాకేటప్పుడు విమానంలో ఉండే శక్తి సుమారు 1.8 రెట్లవుతుంది. మొదటి రోజు దిగడంలో తప్పులు జరగకుండా ఉండవు. విరిగేదీ విరగనిదీ ఆ 1.8 రెట్ల దగ్గరే తేలుతుంది. 1957లో ఇంగ్లండులో కర్నల్ టాప్లిన్ సిల్వర్ జింక్ బ్యాటరీలతో రేడియో కంట్రోల్ విమానాన్ని ఎగరేసిన నాటి నుంచి లైపో బ్యాటరీలు వచ్చేదాకా కరెంటు విమానం కట్టేవారికి బ్యాటరీ బరువే పెద్ద అడ్డంకి. ఆ అడ్డంకి తొలగిపోయింది కదా అని ఇప్పుడు బరువు సంగతే మరిచిపోతున్నారు.

ప్రశ్న (రాజమహేంద్రవరం, ఉపాధ్యాయురాలు): మా పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలతో కలిసి కిట్ కడుతున్నాము. ఒక రెక్క బల్ల మీంచి తీశాక మెలిక తిరిగింది. గోదావరి గాలికి చెక్క చెమ్మగిల్లడం వల్లనా? సరిచేయవచ్చా, మళ్ళీ కట్టాలా?

జవాబు: చెమ్మకు కొంత పాత్ర ఉంది కానీ, మొదట బల్లను అనుమానించండి, మేడమ్. చాలా బల్లలు చూడడానికి చదునుగా ఉంటాయి. పొడవాటి స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి, కింద వెలుతురు కనిపిస్తోందేమో చూస్తే నిజం తెలుస్తుంది. వడ్రంగి దుకాణంలో మిగిలిపోయిన ఫ్లష్ డోర్ ముక్క రెక్క కట్టడానికి మంచి పీట అవుతుంది. దాని మీద గుండుసూదులు దిగే మెత్తని అట్ట పరిచి, పైన ప్లాను, ఆ పైన జిగురు అంటుకోకుండా పల్చని పాలిథీన్ కాగితం వేసి, అన్నిటినీ బిగువుగా అతికించాలి.

ముక్కలు అతికించే ముందు అన్నింటినీ పొడిగా అమర్చి చూడాలి. లేజర్ కోసిన అంచులు నల్లగా మాడి ఉంటాయి. ఆ మసి మీద జిగురు సరిగా పట్టదు, అందువల్ల సన్నని శాండ్ పేపర్‌తో రెండు మూడు సార్లు రుద్దాలి, కొలత తగ్గేటంతగా కాదు. రెక్క పొడవునా సాగే స్పార్ కర్రలను ఒక కంటితో చివరి నుంచి చూసి, వంకర ఉన్నవాటిని పక్కన పెట్టాలి. మిగిలిన వాటిని తూచి, వేళ్ళతో వంచి చూసి, బరువులో, బిగువులో దగ్గరగా ఉన్న కర్రలను కుడికొకటి, ఎడమకొకటి పంచాలి. పిల్లలకు అప్పగించడానికి ఇంతకంటే మంచి పని లేదు. గ్రాములు చూపే వంటింటి త్రాసు ఉంటే చాలు.

పై స్పార్‌కూ కింది స్పార్‌కూ మధ్య, రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పలకలైన రిబ్బుల నడుమ అతికించే చిన్న చిన్న బాల్సా పలకలను షియర్ వెబ్‌లంటారు. తొందరలో చాలామంది వీటిని అడ్డంగా కోసేస్తారు. వాటి నార తప్పకుండా నిలువుగా, అంటే ఒక స్పార్ నుంచి మరో స్పార్ వైపు ఉండాలి. రెక్క పైకి వంగినప్పుడు పై స్పార్ నలుగుతుంది, కింది స్పార్ సాగుతుంది, ఆ రెండూ ఒకదాని మీద ఒకటి జారకుండా, ఎడం తప్పకుండా పట్టి ఉంచేవి ఈ పలకలే. నార అడ్డంగా ఉన్న పలక చూపుకు ఒకేలా ఉంటుంది, గట్టి మలుపులో మాత్రం చీలిపోతుంది. రెక్క మధ్య భాగంలో వీటిని ఎట్టి పరిస్థితిలోనూ వదిలివేయవద్దు.

మెలిక అన్నారు కదా, అన్ని మెలికలూ చెడ్డవి కావు. రెక్క కొసల దగ్గర వెనక అంచు కాస్త పైకి ఉండాలని చాలా ప్లానుల్లో రాసి ఉంటుంది. దీన్ని వాషౌట్ అంటారు. విమానం వేగం కోల్పోయినప్పుడు రెక్క కొసలకంటే మధ్యభాగం ముందుగా పట్టు తప్పితే విమానం ముక్కు దించి ఊరుకుంటుంది. కొస ముందుగా పట్టు తప్పితే ఒక పక్కకు పడిపోతుంది. కట్టేటప్పుడే కొస రిబ్బు వెనక అంచు కింద మూడు మిల్లీమీటర్ల పట్టీ పెట్టి సూదులు గుచ్చితే వాషౌట్ వస్తుంది. అది కుడి ఎడమల సమానంగా ఉందా లేదా అన్నదే ముఖ్యం. రెక్కను జోడించి, రెండు మీటర్ల వెనక నిలబడి చూడండి. రెండు వైపులా కింది భాగం ఒకే మేరకు కనిపించాలి.

ఇక మీ రెక్క సంగతి. ఇంకా ఫిల్ము (వేడికి బిగిసే పల్చని ప్లాస్టిక్ పొర) వేయలేదు కనుక మళ్ళీ కట్టనవసరం లేదు. బాల్సాను నీటి ఆవిరికి చూపించి, వ్యతిరేక దిశలో కొద్దిగా ఎక్కువగా మెలిపెట్టి, బల్ల మీద సూదులతో బిగించి, పూర్తిగా ఆరేదాకా వదిలేయండి. పైన ఫిల్ము వేసేటప్పుడు మరో అవకాశం ఉంది: ఇస్త్రీ పెట్టెను ముందు తక్కువ వేడిలో పెట్టి అంచులు మాత్రం అంటించి, కింది వైపు, తరువాత పై వైపు పూర్తిచేసి, చివర వేడి పెంచి ఫిల్మును బిగించేటప్పుడు ఒకరు రెక్కను కావలసిన కోణంలో మెలిపెట్టి పట్టుకోవాలి, మరొకరు పెట్టెతో కాపాలి. చల్లారాక రెక్క ఆ కోణంలోనే ఉండిపోతుంది. ఈ పని ముసురు పట్టిన రోజున చేయవద్దు. చెమ్మ పీల్చుకున్న చెక్క మీద బిగించిన ఫిల్ము, చెక్క ఎండి కుంచించుకున్నాక వదులవుతుంది.

జిగురు విషయంలో పిల్లలు కట్టేదానికి మామూలు ఫెవికాల్ ఉత్తమం. ఆలస్యంగా ఆరుతుంది కనుక ముక్క వంకరపోతే సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది, బరువు కూడా తక్కువే. పల్చని సీఏ జిగురు (ఫెవిక్విక్ లాంటిది) క్షణంలో పట్టేస్తుంది, దాని ఆవిరి కళ్ళను మండిస్తుంది. కిటికీలు తెరిచి, కళ్ళద్దాలు పెట్టుకుని పెద్దలే వాడాలి. రెండు రెక్కలను కలిపే చోట, మోటారు బిగించే ప్లైవుడ్ పలక దగ్గర మాత్రం అరగంట వ్యవధి ఇచ్చే ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి వాడే జిగురు) వాడాలి. ఐదు నిమిషాల ఎపాక్సీతో తొందర పడవద్దు.

ప్రశ్న (హన్మకొండ, ఎలక్ట్రీషియన్): తోక మరీ పలచగా ఉందనిపించి, పలుచని ప్లైవుడ్ అతికించాను. పైన రంగు కూడా వేశాను. ఇప్పుడు విమానం వెనక్కి వాలుతోంది. ముక్కులో సీసం పెట్టమంటున్నారు. ఎంత పెట్టాలి?

జవాబు: లెక్క మీ వృత్తిలో రోజూ చేసే లెక్కలాంటిదే. రెండు మీటర్ల గ్లైడర్‌లో తూకం బిందువు (విమానం బరువు సమంగా నిలిచే చోటు) నుంచి తోక సుమారు 65 సెంటీమీటర్లు, ముక్కు కొస సుమారు 25 సెంటీమీటర్లు దూరంలో ఉంటాయి. అంటే తోకలో పెరిగిన ప్రతి 10 గ్రాములకూ ముక్కులో 26 గ్రాములు పెట్టాలి; మొత్తం మీద 36 గ్రాములు పెరిగినట్టు. ప్లైవుడ్, రంగు కలిసి 25 గ్రాములు ఉంటే 65 గ్రాముల సీసం కావాలి, విమానం 90 గ్రాములు బరువెక్కుతుంది.

అందుచేత సీసం కొనడానికి ముందు తోకను గీకండి. రంగును శాండ్ పేపర్‌తో తీసివేసి, ప్లైవుడ్‌ను ఊడదీసి, అక్కడ నార అడ్డంగా ఉండే బాల్సా ముక్క వేస్తే చాలు. కిట్‌లో తోక పలుచగా ఉండడం పొరపాటు కాదు, రూపకర్త కావాలని చేసిందే. ఆ తరువాత బ్యాటరీని వీలైనంత ముందుకు జరపండి. సర్వోలు (చుక్కానిని, ఎలివేటర్‌ను కదిపే చిన్న మోటార్లు) తోకలో ఉంటే వాటిని రెక్క కిందికి తెచ్చి, సన్నని పుష్ రాడ్‌లతో తోకను కదపండి. ఇన్ని చేశాక కూడా మిగిలిన తేడాకు మాత్రమే సీసం. తూకం బిందువు ప్లానులో గుర్తు పెట్టి ఉంటుంది; ఆ గుర్తు లేకపోతే, రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లయినప్పుడు ముందు అంచు నుంచి 60 నుంచి 66 మిల్లీమీటర్ల మధ్య మొదలుపెట్టవచ్చు. బ్యాటరీ లోపల ఉంచే తూచాలి.

ప్రశ్న (విజయనగరం, ప్రైవేటు ఉద్యోగి): మోటారు వేయకుండా గడ్డి మైదానంలో చేత్తో విసిరితే తిన్నగా జారి దిగింది. మోటారు పూర్తిగా వేసి విసరగానే ముక్కు నిట్టనిలువుగా ఎత్తి, ఆగినట్టై, ఎడమ రెక్క దించి కూలింది. ముందు భాగం విరిగింది. తూకం ప్లానులో చెప్పిన చోటే ఉంది. ఎక్కడ తప్పు జరిగింది?

జవాబు: మీరు మోటారు లేకుండా ముందు విసిరి చూడడం వల్ల సగం సందేహాలు తీరిపోయాయి, ఆ పరీక్ష చేయనివారికి ఇటువంటి జవాబు ఇవ్వడం సాధ్యం కాదు. మోటారు లేకుండా సరిగా జారింది కనుక రెక్క, తోకల కోణాలు, తూకం దాదాపు సరిపోయాయి. తేడా వచ్చింది మోటారు లాగే దిశలో, వేగంలో.

గ్లైడర్ తోకను నిదానంగా జారే వేగానికి సరిపడేలా అమరుస్తారు. మోటారు దాన్ని ఆ వేగానికి మించి లాగినప్పుడు రెక్క మీద లిఫ్టు (పైకెత్తే బలం) పెరిగి ముక్కు తనంతట తానే పైకి లేస్తుంది. దీన్ని అణచడానికి మోటారును రెండు మూడు డిగ్రీలు కిందికి చూసేలా బిగిస్తారు. మోటారు తిరిగే దిశకు వ్యతిరేకంగా విమానం ఎడమకు దొర్లాలని చూస్తుంది కాబట్టి, రెండు డిగ్రీలు కుడికి కూడా తిప్పుతారు. కుడి ఎడమలు విమానం లోపల ముందుకు చూస్తూ కూర్చున్న మనిషివి. మోటారు ముందు పలకకు నాలుగు మరలతో బిగించి ఉన్నట్టయితే, పై రెండు మరల వెనక పలుచని వాషర్లు వేస్తే మోటారు కిందికి చూస్తుంది. ఎడమ మరల వెనక వేస్తే కుడికి చూస్తుంది. కొత్తగా ముందు భాగం అతికిస్తున్నారు కనుక ఈ కోణాలను ఇప్పుడే సరిచూడండి. విరిగిన చోట పాత జిగురును గీకివేసి, ఎపాక్సీతో అతికించి, లోపలి వైపు బాల్సా బద్దలు వేసి, పైన సన్నని ఫైబర్ గ్లాస్ గుడ్డ చుట్టితే పాతదానికంటే గట్టిగానే ఉంటుంది.

విసిరే పద్ధతి కూడా మార్చండి. సగం మోటారుతో, గాలికి ఎదురుగా, ముక్కును దిగంతం వైపు తిన్నగా ఉంచి విసిరి, విమానం వేగం పుంజుకున్నాక మాత్రమే పూర్తి మోటారు ఇవ్వాలి. పైకి చూపి విసరడం చాలామందికి అలవాటు. అది తొలి క్షణంలోనే వేగాన్ని తినేస్తుంది. మీ ట్రాన్స్‌మిటర్‌లో మిక్సింగ్ సౌకర్యం ఉంటే, మోటారు వేసినప్పుడల్లా ఎలివేటర్ ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి దిగేలా అమర్చుకోవచ్చు. వాషర్లు వేయడానికి బద్ధకించి మొత్తం భారం మిక్సింగ్ మీద వేయవద్దు.

ఎడమ రెక్క పడిపోవడానికి మోటారు మెలి ఒక్కటే కారణమో, ఎడమ కొసలో వాషౌట్ తక్కువగా ఉందో తేల్చుకోవాలి. తదుపరి ఎగరేసినప్పుడు తగినంత ఎత్తులో మోటారు ఆపి, ఎలివేటర్‌ను మెల్లగా లాగుతూ వేగం తగ్గించండి. అప్పుడు కూడా ప్రతిసారీ ఎడమకే పడుతుంటే తప్పు రెక్కలో ఉంది. ఇస్త్రీ పెట్టె తీయవలసిందే. అదే ఎత్తులో మరో పరీక్ష చేయండి: ముక్కును కాస్త దించి వేగం పుంజుకోనిచ్చి ట్రాన్స్‌మిటర్ మీది స్టిక్కు వదిలేయండి. వెంటనే గట్టిగా పైకి లేస్తే తూకం మరీ ముందుకు ఉన్నట్టు. అలాగే ఇంకా కిందికి ముక్కు దూర్చితే తూకం వెనక్కి ఉన్నట్టు. ఆ క్షణంలోనే స్టిక్కు లాగి దింపేసుకోవాలి. నిదానంగా పైకి తేలితే బ్యాటరీ ఉన్న చోట పెన్నుతో గీత గీసుకోండి.

ప్రశ్న (భీమవరం): మోటారు ఆపినా ప్రొపెల్లర్ గాలికి తిరుగుతూనే ఉంది. మడవడం లేదు. గ్లైడర్ తొందరగా దిగిపోతోంది.

జవాబు: ఈఎస్‌సీలో బ్రేక్ ఆన్ చేయలేదు. ఈఎస్‌సీతో వచ్చిన కాగితంలో ప్రోగ్రామింగ్ వివరాలు ఉంటాయి. బ్రేక్ పెట్టగానే మోటారు ఆగి, బ్లేడ్లు గాలి తోపుకు వెనక్కి మడుస్తాయి. ఊరికే తిరిగే ప్రొపెల్లర్ విమానాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఈ పని చేసేటప్పుడు ప్రొపెల్లర్‌ను ఊడదీసి పక్కన పెట్టండి. అలాగే ఫెయిల్‌సేఫ్ కూడా సరిచూసుకోండి: ట్రాన్స్‌మిటర్ ఆపేస్తే మోటారు ఆగిపోవాలి.

ప్రశ్న (నల్లగొండ, విశ్రాంత ఉద్యోగి): మనవడి గ్లైడర్ బ్యాటరీ కారులో ఉండగా ఉబ్బింది. ఇంకా పనిచేస్తోంది. వాడవచ్చా?

జవాబు: వాడవద్దండీ. ఉబ్బిన లైపో లోపల వాయువు చేరినట్టు. అది మంటలు పుట్టించగలదు. ఇంటి చెత్తలో వేయకుండా, పాత ఎలక్ట్రానిక్ వస్తువులు తీసుకునే వారికి అప్పగించండి. అప్పటిదాకా మండే వస్తువులకు దూరంగా, ఇంటి బయట మట్టికుండలోనో ఇసుకలోనో ఉంచండి. వేసవి ఎండలో నిలిపిన కారు లైపో ఉంచే చోటు కాదు. కొత్తదాన్ని సెల్లులన్నిటినీ సమంగా నింపే బ్యాలెన్స్ చార్జర్‌తోనే, 1300 ఎంఏహెచ్ అయితే 1.3 ఆంపియర్ల వద్ద, మనిషి దగ్గర ఉండగా చార్జి చేయాలి. ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు, వాడకంలో 3 వోల్టులకంటే దిగకూడదు, వారం రోజులు పక్కన పెట్టేటట్టయితే 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. మనవడు సాయంత్రం ఆడి వచ్చి, మళ్ళీ ఆదివారం కోసమని వెంటనే నిండుగా చార్జి చేసి పెట్టేస్తుంటే, కారు ఎండ లేకపోయినా బ్యాటరీ అలాగే చెడుతుంది.

ప్రశ్న (హైదరాబాదు, బ్యాంకు ఉద్యోగి): గ్లైడర్ పూర్తయింది. నగరంలో ఎక్కడ ఎగరేయవచ్చు? లైసెన్సు కావాలా?

జవాబు: మన చట్టం దృష్టిలో మీ గ్లైడర్ కూడా మానవరహిత విమానమే, 2021 డ్రోన్ నియమాలు దానికీ వర్తిస్తాయి. వినోదం కోసం, చదువు కోసం, కంటికి కనిపించేంత దూరంలోనే నడిపే 25 కిలోలలోపు వాటిని ఆ నియమాలు 'మోడల్' వర్గంగా గుర్తించి, టైప్ సర్టిఫికెట్ (ఆ నమూనాకు ఇచ్చే ప్రభుత్వ ధ్రువీకరణ) నుంచి మినహాయించాయి. రెండు కిలోలలోపు దాన్ని వ్యాపారం కోసం కాకుండా ఎగరేయడానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. రిజిస్ట్రేషన్ వివరాలను మాత్రం పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆన్‌లైన్ వేదికలో చూసుకుని, ఆ తరువాతే మైదానానికి వెళ్ళండి.

అసలు చిక్కు చోటు దగ్గర ఉంది. ప్రభుత్వ పటంలో ఆకుపచ్చగా చూపే గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అది 200 అడుగులే. అంతకంటే దగ్గరకు వెళితే అనుమతి లేకుండా కుదరదు. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ చుట్టూ ఈ వృత్తాలు గీస్తే నగరంలో మిగిలేది కొద్దిచోటే. కనుక నగరం వెలుపలికి వెళ్ళక తప్పదు. వెళ్ళే ముందు ప్రభుత్వ పటంలో ఆ స్థలం రంగు చూసుకోండి. విశాఖలో నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగ, విజయవాడలో గన్నవరం విమానాశ్రయం ఉన్నాయి కనుక అక్కడి పాఠకులకూ ఇదే జవాబు. రేడియో గురించి అడగలేదు కానీ, నేడు అమ్ముతున్న 2.4 గిగాహెర్ట్‌జ్ సెట్లు లైసెన్సు అక్కరలేని తరంగాల్లోనే పనిచేస్తాయి.

జనవరి రెండో వారంలో మాత్రం నగర శివారులో కూడా విమానం బయటికి తీయకండి. సంక్రాంతి గాలిపటాల మాంజా మీ కంటికి కనిపించదు, ఫిల్ము వేసిన రెక్కను ముందు అంచు నుంచి స్పార్ దాకా కోసేస్తుంది.

ప్రశ్న (డాలస్, అమెరికా): వేసవిలో విజయవాడ వస్తున్నాను. మేనల్లుడికి రేడియోతో సహా ఒక గ్లైడర్ కిట్ తేవాలనుకుంటున్నాను. కస్టమ్స్‌లో ఇబ్బంది ఉంటుందా?

జవాబు: పూర్తి సెట్టు తేవద్దు. పూర్తిగా తయారైన డ్రోన్లను, విప్పి భాగాలుగా తెచ్చే డ్రోన్లను కూడా దిగుమతి చేసుకోవడాన్ని 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిషేధించింది; విడిభాగాలకు ఆ నిషేధం లేదు. రేడియో, మోటారు, బ్యాటరీతో నిండిన పెట్టెను విడిభాగమని నమ్మించడం కష్టం. మోటారు, సర్వోలు, రిసీవర్ ఇక్కడ సులువుగా దొరుకుతాయి, ఇక్కడే కట్టిన కిట్లూ దొరుకుతాయి. మీ మేనల్లుడికి మంచి బాల్సా కత్తి, చిన్న శాండింగ్ బ్లాకులు, ఒక రోల్ ఫిల్ము తెస్తే ఎక్కువ ఉపయోగం. కత్తిని మాత్రం చెకిన్ సామానులో పెట్టాలి. విడి లైపో బ్యాటరీ ఏదైనా తెస్తే చేతిసంచిలోనే, కొసలకు టేపు చుట్టి తేవాలి. 1300 ఎంఏహెచ్, 11.1 వోల్టుల బ్యాటరీ 14.4 వాట్ అవర్లే, ప్రయాణికులకున్న 100 వాట్ అవర్ల హద్దుకు చాలా లోపు.

ప్రశ్న (అనంతపురం, కళాశాల అధ్యాపకుడు): గద్దలు రెక్క ఆడించకుండా పైకి తేలిపోయే చోట మా గ్లైడర్ కూడా తేలుతుందని విన్నాను. నిజమేనా? పైకి పోతూ పోతూ కంటికి కనిపించకుండా పోతే దింపడమెలా?

జవాబు: నిజమే, పైగా మీ జిల్లా అందుకు చాలా అనుకూలం. ఎండకు నేల అంతా ఒకేలా వేడెక్కదు. దున్నిన నల్లరేగడి చెలక, రాతి గుట్ట, చెరువు గట్టు ఎండిన వైపు తొందరగా వేడెక్కి, పైనున్న గాలిని వేడి చేస్తాయి. ఆ వేడిగాలి ముద్దగా విడిపోయి పైకి లేస్తుంది, గాలి వాలుకు కొట్టుకుపోతూ లేస్తుంది. దాన్నే థర్మల్ అంటారు. గద్దలు గుండ్రంగా తిరుగుతున్న చోటికి గ్లైడర్‌ను పంపి, అవి తిరిగే దిశలోనే తిప్పితే మంచిది. పక్షులు లేనప్పుడు నేల మీది గుర్తులు చూడండి: ఉన్నట్టుండి గాలి దిశ మారడం, ఎండుటాకులు సుడి తిరగడం. వడగాలి నెలల్లో మధ్యాహ్నం పూట వచ్చే దుమ్ము సుడి కూడా థర్మలే, కానీ దాని లోపలికి తేలికపాటి విమానాన్ని పంపకూడదు. కొత్తవారికి ఉదయం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర మధ్య వేళ మంచిది. అప్పటికి థర్మల్స్ మొదలవుతాయి, అయినా మరీ కరకుగా ఉండవు.

థర్మల్ దొరికిందని గుర్తించడానికి విమానం తోకను చూడాలి. ఒక రెక్క అకారణంగా పైకి లేస్తే పైకి లేచే గాలి ఆ వైపే ఉంది, అటే తిరగాలి. తోక పైకెత్తినట్టై విమానం చురుకుగా కదిలితే మీరు దాని మధ్యలో ఉన్నారు. పోటీల్లో ఇదే విద్యకు మార్కులు. ఎఫ్5జే అనే అంతర్జాతీయ కరెంటు గ్లైడర్ పోటీలో మోటారును గరిష్ఠంగా 30 సెకన్లు నడపనిస్తారు, దాంతో చేరుకున్న ఎత్తులో 200 మీటర్ల దాకా ప్రతి మీటరుకూ అర మార్కు కోత, ఆపైన మూడు మార్కుల కోత. మోటారు నడిచిన సమయంతో కలిపి పది నిమిషాలు గాలిలో నిలవాలి. మోటారును తక్కువ వాడి, గాలిని చదివినవారే అందులో గెలుస్తారు.

ఇక దింపడం గురించి. మన దగ్గర 400 అడుగుల పరిమితి ఉన్నందువల్ల ఈ ప్రశ్న మీకు ఊహించినదానికంటే ముందుగానే ఎదురవుతుంది. కొత్తవారు భయపడి ముక్కు కిందికి తోసేస్తారు. వేగం పెరిగేకొద్దీ రెక్క మీది భారం వేగం వర్గంలో పెరుగుతుంది కనుక, ఆ దూకుడులో స్టిక్కు లాగగానే రెక్కలు మధ్యలో విరుగుతాయి. గట్టిగా చుక్కాని తిప్పి సుళ్ళు తిరగనివ్వడం కూడా ఇంతే ప్రమాదం. తిరగడం ఆపి, గాలికి అడ్డంగా తిన్నగా నడిపిస్తే విమానం వేడిగాలిలోంచి బయటపడుతుంది. ప్రతి థర్మల్ చుట్టూ కిందికి దిగే గాలి ఉంటుంది, అది మీ పని చేసిపెడుతుంది. రెక్క పైన స్పాయిలర్లు ఉండే ప్లాను అయితే కట్టేటప్పుడే వాటిని వదలకుండా బిగించుకోండి, ఇటువంటి సమయంలో విమానాన్ని నెమ్మదిగా కిందికి తెచ్చేవి అవే. ఫిల్ము రంగు విషయంలో కూడా ఇప్పుడే ఆలోచించండి: ఆకాశంలో తెలుపు, లేత నీలం తొందరగా కలిసిపోతాయి. రెక్క కింది వైపు ముదురు ఎరుపు గానీ నలుపు గానీ వేసి, పై వైపు లేత పసుపు ఉంచితే విమానం ఎటు వాలి ఉందో దూరం నుంచి కూడా తెలుస్తుంది.